అమలాపురం బస్సులో వీణ వినిపించాలంటే: ప్రయాణానికి హెడ్‌ఫోన్లు ఎంచుకునే పద్ధతి

రాత్రి పది దాటాక, ఊరంతా సద్దుమణిగాక వింటే మూడు వందల రూపాయల ఇయర్‌ఫోన్లు కూడా ముచ్చటగా పలుకుతాయి. వాటినే మర్నాడు చెవుల్లో పెట్టుకుని అమలాపురంలో రాజమండ్రి బస్సు ఎక్కండి. కొత్తపేట చేరేసరికి మృదంగం అయిపు లేకుండా పోతుంది. గాయకుడి గొంతు మాత్రం రేకు డబ్బాలోంచి వస్తున్నట్టు పలచగా మిగులుతుంది. మీ వేలు దానంతట అదే సౌండు బటను మీదికి పోతుంది. రావులపాలెంలో డ్రైవరు ఇంజను కట్టేసినప్పుడు గాని మీరు ఎంత సౌండుతో వింటున్నారో మీకు తెలియదు. అప్పటికే పక్క సీటాయన మీ పాటలో సగం విని ఉంటాడు.

ఏళ్ల తరబడి ఆ దారిలో తిరిగి, ఆరు జతలు కొని, రెండు పాడుచేసుకుని, ఒకటి గోదావరి పాలు చేశాక నాకు ఒక సంగతి అర్థమైంది. ప్రయాణంలో వాడే హెడ్‌ఫోన్‌ను పాట ఎంత బాగా పలికిస్తుందన్న దానితో కాదు, బయటి చప్పుడును ఎంత బాగా ఆపుతుందన్న దానితో ముందు తూచాలి. మిగతా గుణాలన్నీ ఆ తరవాతే. కింద చెప్పేవన్నీ ఆ వరసలోనే ఉంటాయి.

మొదట మీ దారి చప్పుడు వినండి

కొనడానికి ముందు ఒక రోజు పాటలు పెట్టకుండా ప్రయాణం చేయండి. ఏ చప్పుడు ఎంతసేపు ఉంటోందో గమనించండి. ఇదేదో చాదస్తం అనుకోకండి. డబ్బు ఆదా చేసే పని ఇదే.

బస్సు సంగతి చూద్దాం. ఆరు సిలిండర్ల డీజిల్ ఇంజను స్టాండులో ఊరికే తిరుగుతున్నప్పుడు నిమిషానికి సుమారు 600 చుట్లు, అంటే సెకనుకు పది చుట్లు తిరుగుతుంది. నాలుగు స్ట్రోకుల ఇంజనులో ఒక్కో చుట్టుకు మూడు సిలిండర్లు మండుతాయి. సెకనుకు ముప్పై దెబ్బలన్న మాట. దాన్నే 30 హెర్ట్జ్ రొద అంటాం. బండి వేగం అందుకుని 1,800 చుట్లకు వెళితే ఆ రొద 90 హెర్ట్జ్‌కు చేరుతుంది. సినిమా పాటల్లో బేస్ గిటారు, మృదంగంలో ఎడమ చేతి తొప్పి నాదం ఉండేది ఆ చుట్టుపక్కలే. అందుకే బస్సు మీ పాటలో మొదట మింగేది బేస్‌నే, అంటే కింది స్థాయి ధ్వనులనే. ఇయర్‌ఫోన్లలో బేస్ లేదని మనం కంపెనీని తిట్టుకుంటాం గాని, చాలాసార్లు దాన్ని ఎత్తుకుపోయింది ఇంజను.

రైలు వేరు. భీమవరం, నరసాపురం వైపు వెళ్లే రైళ్లలో ఇంజను రొద కన్నా కిటికీ గాలి హోరు, చక్రాల చప్పుడు ఎక్కువ. రాజమండ్రిలో 1974 నాటి రోడ్డు కం రైలు వంతెన ఎక్కగానే ఉక్కు దూలాల మధ్య ఆ చప్పుడు ఒక్కసారిగా పెరుగుతుంది. ఆ నాలుగు నిమిషాలు పాట ఆపేసి గోదావరిని చూడడమే నయం. సఖినేటిపల్లి రేవులో పంటు, అంటే మనుషులను, బండ్లను ఏరు దాటించే పడవ ఎక్కితే కాళ్ల కింద డీజిల్ ఇంజను, చెవి దగ్గర గాలి, చుట్టూ మోటారు సైకిళ్లు, మనుషుల మాటలు అన్నీ కలిసి వస్తాయి. సాయంత్రం కాలువ గట్టు మీద నడిచేవాళ్లకు ఈ బాధేదీ లేదు. వాళ్లకు కావలసింది దీనికి సరిగ్గా వ్యతిరేకం: వెనక నుంచి వచ్చే ట్రాక్టరు వినపడాలి.

మీది ఇంజను రొదా, గాలి హోరా, మనుషుల మాటలా అన్నది తేలితే సగం ఎంపిక అయిపోయినట్టే.

ఆకారం తేల్చుకోండి

చెవి మొత్తాన్ని కప్పే పెద్ద హెడ్‌ఫోన్లు వినడానికి హాయిగా ఉంటాయి, అందులో అనుమానం లేదు. కాని మే నెలలో కోనసీమ ఉక్కలో వాటిని పావుగంట పెట్టుకుని చూడండి. దిండ్ల కింద చెమట చేరుతుంది, కళ్లజోడు ఉన్నవాళ్లకు కణతల దగ్గర నొప్పి మొదలవుతుంది. తోలులా కనిపించే ఆ రెగ్జిన్ రెండో వేసవికి పొలుసులు రాలుస్తుంది. ఏసీ బస్సులోనో, హైదరాబాదు రాత్రి రైల్లోనో తిరిగేవారికి ఇవి మంచివే. పగటి పూట మామూలు బస్సులో తిరిగే మనిషికి నేను చెప్పను.

కొనేటప్పుడు ఇంకో మెలిక ఉంది. పెద్ద హెడ్‌ఫోన్లలో వెనక జాలీ ఉండి గాలి ఆడేవి కొన్ని ఉంటాయి. వాటిని ఓపెన్ బ్యాక్ అంటారు. పాట విశాలంగా వినిపిస్తుంది కాబట్టి రివ్యూల్లో వాటిని ఆకాశానికి ఎత్తుతారు. అవి ఇంట్లో కూర్చుని వినడానికి. బస్సు చప్పుడంతా లోపలికి వస్తుంది, మీ పాటంతా బయటికి పోతుంది.

చెవి మీద ఆనుకుని కూర్చునే చిన్న దిండ్ల రకం చెవిని నొక్కుతుంది, చప్పుడును మాత్రం ఆపదు. చెవి గూట్లో ఊరికే వేలాడే గట్టి ప్లాస్టిక్ రకం, పాత ఫోన్లతో ఊరికే ఇచ్చేవారే, అది కూడా అంతే.

మిగిలింది చెవి రంధ్రంలోకి దూరే, రబ్బరు బుడిపె ఉన్న ఇన్ ఇయర్ రకం. చిన్నది, చెమటకు తడిసే దిండ్లు లేవు, చొక్కా జేబులో పడుతుంది. సరిగ్గా అమరితే బిరడాలా పనిచేస్తుంది. మన బస్సులకు నా ఓటు దీనికే. గట్టు మీద నడిచేవారు, సైకిలు తొక్కేవారు మాత్రం చెవిని మూయని ఓపెన్ ఇయర్ రకాన్నో, ఎముక ద్వారా వినిపించే బోన్ కండక్షన్ రకాన్నో చూడండి. వాటిలో బేస్ తక్కువే, కాని ప్రాణం అంతకన్నా ఎక్కువ.

బుడిపె సరిగ్గా అమర్చుకోండి

ఈ భాగం మాత్రం తొందర పడకుండా చదవండి. పది వేల రూపాయల ఇయర్‌ఫోన్ అయినా ఇక్కడ తప్పితే మూడు వందల దానిలాగే పలుకుతుంది.

డబ్బాలో సాధారణంగా మూడు సైజుల రబ్బరు బుడిపెలు ఉంటాయి. మధ్య సైజు ముందే తగిలించి ఇస్తారు. చాలామంది మిగతా రెండు జతలను డబ్బాతో సహా అటక మీద పడేస్తారు. నేనూ అదే చేశాను. మూడు వారాల పాటు ఎడమ వైపు బేస్ రావడం లేదని, సరుకు నాసిరకమని ఇంట్లో అందరి దగ్గరా వాపోయాను. చివరికి తేలింది ఏమిటంటే, నా ఎడమ చెవి రంధ్రం కుడి దానికన్నా కాస్త పెద్దది. ఆ వైపు పెద్ద బుడిపె వేయగానే తంబురా కూడా మోగింది. రెండు చెవులకు రెండు సైజులు వాడడం తప్పేమీ కాదు.

పెట్టుకునే తీరు ఇదీ. కుడి చెవికి పెట్టుకునేటప్పుడు ఎడమ చేతిని తల మీదుగా తెచ్చి కుడి చెవి పై అంచు పట్టుకుని పైకి, కొంచెం వెనక్కి లాగండి. వంకరగా ఉండే చెవి దారి అప్పుడు తిన్నగా అవుతుంది. కుడి చేత్తో ఇయర్‌ఫోన్‌ను పెట్టి, కొద్దిగా మెలితిప్పుతూ లోపలికి పంపండి. చెవి వదిలేయండి. రెండో వైపు కూడా అంతే. కర్ణభేరి దాకా పొడవాల్సిన పని లేదు. నొప్పి పుట్టిందంటే బుడిపె సైజు ఎక్కువైనట్టు.

ఇప్పుడు మూడు పరీక్షలు. పాట పెట్టకుండా నోరు మూసుకుని "ఊఁ" అని కూనిరాగం తీయండి. మీ గొంతు బావిలోంచి వచ్చినట్టు తల లోపల మోగాలి, రెండు వైపులా సమానంగా మోగాలి. ఒక వైపు తక్కువైతే అక్కడ సందు ఉంది. తరవాత చెవి పక్కన రెండు వేళ్లు రాయండి. ఆ గరగర దాదాపు వినపడకూడదు. మూడోది, గుప్పెడు మరమరాలు నమలండి. దవడ కదిలినప్పుడు చెవి రంధ్రం ఆకారం మారుతుంది. నిమిషం నమిలాక కూడా బుడిపె పట్టు సడలకపోతే అదే మీ సైజు. తాపేశ్వరం కాజాతో ఈ పరీక్ష చేయకండి, ఆ పాకం చేతులతో ఇయర్‌ఫోన్ ముట్టుకుంటే దాని జాలీ పని అయిపోతుంది.

మూడు సైజుల్లో ఏదీ కుదరకపోతే ఫోమ్ బుడిపెలు విడిగా దొరుకుతాయి. వేళ్ల మధ్య నలిపి సన్నగా చేసి చెవిలో పెట్టి, అది ఉబ్బి రంధ్రాన్ని నింపే దాకా అర నిమిషం పట్టుకోవాలి. చప్పుడును రబ్బరు కన్నా బాగా ఆపుతాయి. చెమట పీల్చుకుంటాయి కాబట్టి మన దగ్గర కొన్ని నెలలకే మెత్తబడి పోతాయి. దానికి సిద్ధపడి కొనండి.

తీగ కావాలా, వద్దా

తీగ లేని జంట బడ్స్ మీద నాకున్న కోపం సొంత అనుభవంలోంచి వచ్చింది. పంటు మీద నరసాపురం వెళుతూ, ఎవరో పలకరిస్తే కుడి చెవి బడ్ తీయబోయాను. చెమట వేళ్లు. అది జారి రేకు మీద ఒక్క గంతు వేసి అంచు దాటి వశిష్ఠ గోదావరిలో పడింది. చప్పుడు కూడా వినపడలేదు. ఎడమది ఆ క్షణంలో కూడా పాడుతూనే ఉంది.

అలాగని తీగ గొప్పదని కాదు. రావులపాలెం బస్సు స్టాండులో అరటి గెల మోసుకుపోతున్న ఒకాయన గెల కాడకు నా తీగ చిక్కుకుని, ఆయన పదడుగులు వెళ్లాక ఫోను జేబులోంచి బయటికి వచ్చింది. ఇద్దరమూ నవ్వుకున్నాం గాని జాక్ పిన్ వంగిపోయింది.

నా లెక్క ఇలా ఉంటుంది. బడ్జెట్టు రెండు వేల లోపు అయి, పాటే ముఖ్యమైతే తీగ ఉన్నదే కొనండి. అదే డబ్బుకు తీగ లేని దానిలో బ్యాటరీకి, రేడియోకి, మైకులకు, డబ్బాకు ఖర్చు పోగా ధ్వనికి మిగిలేది తక్కువ. పైగా తీగ దానికి చార్జింగు గొడవ లేదు. బ్యాటరీ రెండు మూడేళ్లకు నీరసించిపోతుంది, జంట బడ్స్‌లో దాన్ని మార్చడం అయ్యే పని కాదు. తీగ తెగితే మార్చుకునే వీలున్న రకం, అంటే ఇయర్‌ఫోన్ దగ్గర ఊడివచ్చే తీగ ఉన్నది దొరికితే అది ఇంకా మేలు.

మీ ఫోనుకు గుండ్రటి 3.5 మిల్లీమీటర్ల జాక్ లేకపోతే టైప్ సి అడాప్టర్ కావాలి. అడాప్టర్లు రెండు రకాలు. లోపల డాక్ అనే చిన్న చిప్ ఉన్నవి ఫోను ఇచ్చే అంకెలను అవే ధ్వనిగా మారుస్తాయి. చిప్ లేనివి ఫోనులోని ధ్వనిని ఊరికే దాటిస్తాయి, అందుకు వీలున్న ఫోన్లతోనే పనిచేస్తాయి. బస్టాండు దుకాణంలో వంద రూపాయలకు కొన్నది మీ ఫోనులో కిక్కురుమనకపోతే కారణం చాలావరకు ఇదే. "డాక్ ఉన్నదే ఇవ్వండి" అని అడగండి.

పొద్దస్తమానం ఫోన్లు మాట్లాడేవారికి, చెరువుల మీద, పొలాల్లో తిరిగేవారికి నెక్‌బ్యాండ్ మంచి మధ్యే మార్గం. చెవిలోంచి జారినా మెడలోనే ఉంటుంది. చూడడానికి పాతబడిన సరుకులా ఉందని కుర్రాళ్లు నవ్వితే నవ్వనివ్వండి, వాళ్ల బడ్స్ కూడా ఏదో ఒక రోజు కాలువలో పడతాయి.

తీగ లేనివి కొంటే ఒక చిన్న సంగతి. బ్లూటూత్ తరంగాలను నీరు పీల్చుకుంటుంది, మన ఒంట్లో ఎక్కువ భాగం నీరే. ఫోను ప్యాంటు వెనక జేబులో పెడితే పాట తెగుతూ రావడానికి కారణం అదే. చొక్కా జేబులోకి మార్చండి, సగం ఫిర్యాదులు పోతాయి.

చప్పుడు తుడిచే చిప్ ఏం చేస్తుంది, ఏం చేయదు

డబ్బా మీద ఏఎన్‌సీ అని ఉంటే బయటి చప్పుడును మైకు పట్టుకుని, దానికి సరిగ్గా ఎదురు తరంగం పుట్టించి, రెంటినీ కొట్టివేయించే ఏర్పాటు ఉందని అర్థం. అమర్ బోస్ అనే ఇంజనీరుకు 1978లో విమాన ప్రయాణంలో, ఇంజను హోరులో పాట వినలేక ఈ పని మీద ధ్యాస పుట్టింది. విమానం హోరు, ఏసీ రొద, ఇందాక చెప్పిన 30 నుంచి 90 హెర్ట్జ్ బస్సు ఇంజను రొద లాంటి ఒకే తీరుగా సాగే మంద్ర ధ్వనుల మీద ఇది అద్భుతంగా పనిచేస్తుంది. రోజూ రెండు గంటలు బస్సులో ఉండేవారికి డబ్బు పెట్టదగిన సౌకర్యం.

కాని వెనక సీట్లో పెళ్లి సంబంధం గురించి జరిగే చర్చను అది పూర్తిగా తుడవలేదు. ఎయిర్ హారన్‌ను ఆపలేదు. మాటలు, హారన్లు, గిన్నెల చప్పుడు లాంటి పై స్థాయి ధ్వనులను ఆపాల్సింది బుడిపె బిరడానే. బుడిపె వదులైతే చిప్ కూడా సగం ఓడిపోతుంది. కిటికీ పక్క సీట్లో గాలి నేరుగా మైకును కొడితే కొన్నిటిలో కొత్త హోరు పుడుతుంది కూడా. అలాంటప్పుడు ఏఎన్‌సీ ఆపేసి వినండి.

ఇక్కడే చాలామంది మోసపోతారు. చవక రకాల డబ్బాల మీద పెద్ద అక్షరాలతో ఈఎన్‌సీ అని ఉంటుంది. ఒక్క అక్షరమే తేడా, పని మాత్రం పూర్తిగా వేరు. అది మీరు ఫోను మాట్లాడేటప్పుడు మీ చుట్టూ ఉన్న చప్పుడు అవతలివారికి వినపడకుండా చేసేది. మీ చెవికి దానివల్ల ఒరిగేది లేదు. మా పక్కింటి అబ్బాయి ఈ రెండూ ఒకటే అనుకుని కొని, "అన్నయ్యా, బస్సు చప్పుడు ఏమీ తగ్గలేదు" అని తెచ్చి చూపించాడు. తప్పు చప్పుడుది కాదు, అక్షరానిది.

డబ్బా మీద అంకెలు

వీటి మీద ఎక్కువసేపు కూర్చోకండి. 20 హెర్ట్జ్ నుంచి 20,000 హెర్ట్జ్ దాకా అని ప్రతి డబ్బా మీదా ఉంటుంది, దానివల్ల ఏమీ తెలియదు. డ్రైవర్, అంటే లోపల ధ్వని పుట్టించే చిన్న స్పీకరు, 10 మిల్లీమీటర్లా, 13 మిల్లీమీటర్లా అన్నది వంట ఎంత పెద్ద గిన్నెలో చేశారని అడగడం లాంటిది. బ్యాటరీ 50 గంటలు అంటే చార్జింగు డబ్బాలోని దాన్ని కూడా కలిపి చెప్పిన లెక్క. చెవిలో ఒక్క చార్జికి ఎన్ని గంటలో విడిగా వెతకండి. ఇంపీడెన్స్, అంటే కరెంటుకు అది చూపే అడ్డు, 16, 32 ఓములు అలా ఉంటే ఫోను తేలికగా మోయగలదు. వందలు దాటినవి మన ఫోన్లకు బరువు.

కోడెక్‌లు, అంటే పాటను కుదించి బ్లూటూత్ మీద పంపే పద్ధతులు, వాటి పేర్లు చూసి బెంబేలు పడకండి. ఎల్‌డాక్ అనేది గరిష్ఠంగా సెకనుకు 990 కిలోబిట్లు పంపగలదు, నిజమే. జనం కిక్కిరిసిన చోట సిగ్నలు తగ్గితే అదే 330కి దిగుతుంది. ఐఫోనులో అది అసలు లేదు, అక్కడ ఏఏసీ వాడతారు. బస్సులో ఈ తేడా వినిపించేంత నిశ్శబ్దం మీకు ఎక్కడ దొరుకుతుంది చెప్పండి.

చూసి తీరాల్సిన అంకె ఒకటుంది. ఐపీఎక్స్ 4 అంటే చిందే నీటికి తట్టుకుంటుంది. ఐపీఎక్స్ 5 అంటే ధారగా కొట్టినా పరవాలేదు. ఐపీఎక్స్ 7 అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట ఉన్నా బతుకుతుంది. తీగ లేనివైతే మన ఉక్కకు, వానకు కనీసం 4 ఉండాలి. ఈ పరీక్ష మంచినీళ్లతో చేసేది, చెమటలో ఉప్పు ఉంటుందని మరిచిపోకండి. చార్జింగు డబ్బాకు చాలావాటిలో ఈ రక్షణ ఉండదు. తడి బడ్స్‌ను అలాగే డబ్బాలో పెట్టి మూత వేయడం వాటికి మనమే పెట్టే చిచ్చు.

మీ చెవితో పరీక్షించండి

దుకాణానికి వెళితే మీ ఫోను, మీ పాటలు తీసుకెళ్లండి. దుకాణంవారు వినిపించే పాటలో బేస్ అదరగొడుతుంది, అందుకోసమే దాన్ని ఎంచుకుంటారు. చెవిలో పెట్టే రకం కాబట్టి మీ సొంత బుడిపెల జత ఒకటి జేబులో ఉంచుకుంటే శుభ్రం కూడా.

నేను నాలుగు రకాల రికార్డులు వింటాను.

మొదటిది వీణ. ఈ విషయంలో మన డెల్టా వాళ్లకు దూరం వెళ్లే పని లేదు. 1922లో ద్రాక్షారామంలో పుట్టిన ఈమని శంకరశాస్త్రి, ఆయన శిష్యుడు, 1936లో కాకినాడలో పుట్టిన చిట్టిబాబు, ఇద్దరి వీణా వాదనమూ దొరుకుతుంది. మీటు పడిన క్షణాన గోరు తీగను తాకే చిన్న చురుకు వినపడాలి. ఆ వెంటనే తీగ నాదం, ఆ తరవాత గమకంలో అది వంగి వంగి సన్నగిల్లే దాకా తెగకుండా సాగాలి. చవక రకాల్లో చురుకు ఒక్కటే వినిపించి నాదం ముందే చచ్చిపోతుంది, లేదా అన్నిటికన్నా కింది స్థాయిలో పలికే అనుమంద్రం తీగ ఉబ్బి పైవాటిని కప్పేస్తుంది.

రెండోది ఘంటసాల పాత రికార్డు ఏదైనా. ఆ కాలపు పాటలు మోనోలో ఉంటాయి, అంటే రెండు చెవులకూ ఒకటే ధ్వని వస్తుంది. గొంతు మీ తల నడిమధ్యలో, నొసటి వెనక కూర్చోవాలి. ఒక పక్కకు లాగుతుంటే రెండు వైపుల డ్రైవర్లు సమానంగా లేవు, లేదా ఒక బుడిపె సరిగా కూర్చోలేదు. బుడిపెలు సర్దినా లాగుతుంటే ఆ జత వదిలేయండి. స్టీరియో పాటలతో ఈ లోపం ఇంత తేలికగా బయటపడదు. పాత పాటలు ఇలా కూడా పనికొస్తాయి.

మూడోది గొంతు. శంకరగుప్తంలో పుట్టిన బాలమురళీకృష్ణ సంస్కృత కీర్తన ఏదైనా పెట్టి స, శ, ష వచ్చిన చోట చెవి రిక్కించండి. ఆ అక్షరాలు పాము బుస కొట్టినట్టు గుచ్చుకుంటే ఆ ఇయర్‌ఫోన్‌లో పై స్థాయి ఎక్కువ పెట్టారని అర్థం. ఐదు నిమిషాలకు అది "క్లియర్‌గా" ఉన్నట్టే అనిపిస్తుంది, గంట ప్రయాణానికి తల నొప్పి తెస్తుంది.

నాలుగోది మీరు నిజంగా రోజూ వినేది. అది మాస్ పాటైనా సరే, సిగ్గుపడకండి. డప్పు దెబ్బ దెబ్బకూ విడిగా తెలియాలి, అంతా కలిసి ఒకటే రొద కాకూడదు.

చాలా దుకాణాల్లో ఇన్ ఇయర్ రకాన్ని విప్పి విననివ్వరు. అలాంటప్పుడు వాపసు తీసుకునే గడువు ఉన్న చోట కొని, ఆ గడువులోగా రెండు మూడు రోజులు మీ మామూలు బస్సులోనే వినండి. ఏసీ షోరూములో తీర్చిన తీర్పు జొన్నాడ వంతెన మీద నిలబడదు. డబ్బా చింపకుండా జాగ్రత్తగా విప్పండి.

సౌండు ఎంత పెట్టాలి

సురక్షితంగా వినడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే లెక్క పెద్దవారికి 80 డెసిబెల్స్ వద్ద వారానికి 40 గంటలు. 90 డెసిబెల్స్ అయితే నాలుగు గంటలే. ప్రతి మూడు డెసిబెల్స్‌కూ సమయం సగానికి తగ్గుతూ వస్తుంది. బస్సు రొదను గెలవాలని మీరు పెంచే రెండు మూడు గీతలు ఆ నలభై గంటలను ఎంత త్వరగా తినేస్తాయో ఊహించండి. మంచి బిరడా ఉన్న జత కొనమని ఇంతసేపు పోరుపెట్టడానికి అసలు కారణం ఇదే. చప్పుడు బయటే ఆగితే సౌండు పెంచే అవసరమే రాదు.

ఇంటి దగ్గర, నిశ్శబ్దంలో మీకు హాయిగా ఉన్న స్థాయి ఫోనులో ఎన్నో గీతో చూసి పెట్టుకోండి. బస్సులో దానికి రెండు గీతలకు మించి పెంచాల్సి వస్తుంటే బుడిపెలు మళ్లీ చూడండి. దిగాక చెవిలో గుయ్‌మంటుంటే ఆ రోజు మీరు గీత దాటినట్టే.

బండి నడిపేటప్పుడు రెండు చెవులూ మూసుకోవద్దు, ఒక చెవి కూడా వద్దు. పట్టాలు దాటే చోట, గట్టు మలుపుల్లో కూడా తీసి చేత్తో పట్టుకోండి. కండక్టరు "ఏమండీ, టిక్కెట్టు" అని మూడుసార్లు పిలిచేలా చేయడం కూడా మర్యాద కాదు. మన స్టాపు దాటిపోయేది మనమే.

ఉప్పు, ఉక్క, గులిమి

దిగగానే మెత్తటి పొడి గుడ్డతో తుడిచి, పావుగంట గాలికి ఆరనిచ్చి, ఆ తరవాతే డబ్బాలో పెట్టండి. చెప్పుల డబ్బాల్లో వచ్చే సిలికా పొట్లాలు పారేయకుండా ఇయర్‌ఫోన్లు పెట్టే సంచిలో ఒకటి వేయండి. వారానికోసారి బుడిపెలు ఊడదీసి సబ్బు నీళ్లతో కడిగి, పూర్తిగా ఆరాక తగిలించండి. ఇయర్‌ఫోన్ మూతి దగ్గర జాలీలో గులిమి చేరితే ఒక వైపు సౌండు తగ్గుతుంది. మూతిని నేలవైపు ఉంచి పొడి పళ్ల బ్రష్షుతో మెల్లగా దులపండి, పిన్నీసుతో పొడవకండి. తీగను ఫోను చుట్టూ బిగించి చుట్టకుండా వేళ్ల మీద వదులుగా చుట్టి పెట్టండి, జాక్ మెడ దగ్గర తెగదు. ఎండలో నిలబెట్టిన కారు డాష్‌బోర్డు మీద బడ్స్ వదిలేస్తే బ్యాటరీ ఆయుష్షు అక్కడే కరుగుతుంది.

బిల్లు తీసుకోండి, తీసుకున్న రోజే ఫొటో తీసి ఫోనులో దాచండి. ఆ వేడి అచ్చు కాగితం మన ఉక్కకు వారంటీ ఏడాది గడిచేలోగా తెల్లబడిపోతుంది, పదకొండో నెలలో కుడి వైపు మూగబోయినప్పుడు చేతిలో తెల్ల కాగితం ఒక్కటే మిగులుతుంది.